రాజుల పాఠం నాడు లేచే దిబ్బ

పుల్లలచెరువు దగ్గర ఒక పాలెంలో మిషను బడి పలకరాతి దిబ్బ మీద ఉండేది. మామూలు రోజుల్లో అది నడుమెత్తు దిబ్బ. శుక్రవారం సంతోషమ్మ పంతులమ్మ ఆఫ్రికా రాజుల పాఠం మొదలుపెడితే మాత్రం కొండలాగ పైకి లేచేది. పాఠం సాగినంతసేపు లేచి, అయిపోయినాక మెల్లగా దిగేది. అందుకని శుక్రవారాలు తల్లులు పిల్లల గంజి ముందే తెచ్చిచ్చి పోయేవాళ్లు. మేకలను ఆ పక్కకు తోలేవాళ్లు కాదు.

సర్కారు రీడరులో రాజులంతా తెల్లవాళ్లే. "మనలాగ నల్లగుండే రాజులు యాడా లేరా అమ్మా?" అని సీమోను కూతురు అన్నమ్మ ఒకసారి అడిగింది. సంతోషమ్మ ట్రైనింగులో ఉన్నప్పుడు మిషను పుస్తకాల్లో చదివినవన్నీ గుర్తు తెచ్చుకుంది. పోర్చుగీసువాళ్లకు తలవంచని జింగా రాణి గురించి, ఇటలీ సైన్యాన్ని ఓడించిన మెనెలిక్ చక్రవర్తి గురించి చెప్పింది. వినేకొద్దీ పిల్లల వెన్నులు నిటారయ్యేవి.

ఆ ఏడు వానలు ఎగ్గొట్టినాయి. పాలెం బావి ఎండిపోయింది. ఊళ్లో గొర్రెల మందలున్న పోలయ్య బావిలోనే నీళ్లుండినాయి. పాలెం వాళ్లు ముడితే బావి మైలపడుతుందని గట్టు ఎక్కనిచ్చేవాళ్లు కాదు; గట్టు కింద కడవలు పెట్టుకొని నిలబడితే, పైవాళ్లకు దయ పుట్టినప్పుడు పోసేవాళ్లు. ఒక మంగళవారం పొద్దెక్కినా ఎవరూ పోయలేదు. అన్నమ్మ గట్టెక్కి తనే చేద వేసింది.

బడి మొదలయ్యే వేళకు ఆ పిల్ల నీళ్ల కడవ చంకనేసుకొని, రొప్పుకుంటా వచ్చి సంతోషమ్మ వెనక నక్కింది. వెనకాలే పోలయ్య, ఆయన తమ్ముడు నాగులు, ఇంకొంతమంది కర్రలు పట్టుకొని వచ్చినారు.

"ఏమే పంతులమ్మా, ఆ పిల్లను కిందికి పంపు," అన్నాడు పోలయ్య.

"చిన్నపిల్ల అయ్యా. దప్పికై ముంచుకుంది. నేను బుద్ధి చెప్తా."

"ఆ చెప్పేదేందో మేం చెప్తాం. పంపుతావా, పైకి రమ్మంటావా?"

సీమోనుతో సహా పాలెం మగవాళ్లంతా కూలికి పోయినారు. సంతోషమ్మ పిల్లల వైపు తిరిగి, శుక్రవారం కాకపోయినా, గొంతు పెంచి అందుకుంది.

"బసూటో దేశంలో మొష్వేష్వే అని ఒక రాజు. శత్రువుల పోరు పడలేక తన జనాన్నంతా వెంటబెట్టుకొని ఒక కొండెక్కినాడు..."

దిబ్బ కదిలింది. పోలయ్య అప్పటికే ఎక్కుతున్నాడు. పలకరాళ్లు కాళ్ల కింద జారిపోయి, సగం ఎత్తులో ఒక బండ అంచున చిక్కుకున్నాడు. పైకి రాలేడు, కిందికి దూకలేడు.

ఎండ ముదిరింది. రాయి పెనంలాగ కాగింది.

"ఆపవే నీ కథ! మా అన్న చచ్చిపోతాడు!" కిందనుంచి నాగులు అరిచినాడు.

ఆపితే దిబ్బ దిగుతుంది, కర్రలు పిల్లల మీదికొస్తాయి. ఆపకపోతే ఆ మనిషి అక్కడే మాడిపోతాడు. పెద్దపిల్లలు రాళ్లు ఏరుకున్నారు. సంతోషమ్మ వద్దనలేదు. కథలో కొండమీది జనం కూడా రాళ్లు దొర్లించినారు మరి. నాలుక పిడచగట్టుకుపోతున్నా చెప్పుకుంటా పోయింది.

"ఓడిపోయిన సైన్యం ఆకలితో తిరిగిపోతా ఉంటే..." అని ఆగింది. ఆ తరువాతి ముక్క చెప్తే కథ అయిపోతుంది. దాన్ని దాటేసి ఇంకో రాజును అందుకోవచ్చు.

"పోతా ఉంటే ఏం చేసినాడు?" అన్నమ్మ అడిగింది.

సంతోషమ్మ వంగి చూసింది. పోలయ్య కర్ర ఎప్పుడో జారిపోయింది. పెదవులు తెల్లగా పగిలినాయి.

"వాళ్లకు పశువులను తోలించినాడు. 'ఆకలే మిమ్మల్ని నా మీదికి తెచ్చింది. తిని సుఖంగా పోండి' అని చెప్పి పంపినాడు."

"మళ్లీ మీదికి వచ్చినారా?"

"రాలేదు."

అన్నమ్మ బడి గంట తాడు విప్పి కడవ మెడకు బిగించింది. ఆ పిల్లా పంతులమ్మా కలిసి కడవను పోలయ్య దగ్గరికి వదిలినారు. కథ అయిపోయింది గనక దిబ్బ కూడా మెల్లగా దిగసాగింది.

"తాగొద్దన్నా! అది పాలెం కడవ. కాసేపు ఓర్చుకో!" నాగులు అరిచినాడు.

పోలయ్య కడవను చూసినాడు, తాడు పట్టుకున్న పిల్లను చూసినాడు. రెండు చేతులా కడవ ఎత్తుకొని, రొమ్ము తడిచిపోయేదాకా తాగినాడు.

దిబ్బ నేలకు దిగింది. కర్రలున్నవాళ్లు ముందుకు రాలేదు. పోలయ్య దగ్గరినుంచి వెనక్కి జరిగినారు.

"మైలపడినావన్నా. ఇంక ఆ బావిలో చేద వేయొద్దు," అన్నాడు నాగులు.

"మన నాయన తవ్వించిన బావిలో నన్ను చేద వేయొద్దంటావేందిరా?" అన్నాడు పోలయ్య. "సరే, నేను మైలైతే నా బావీ మైలే. ఇంక దాంట్లో ఎవరు ముంచుకుంటే నీకేంది?"

అన్నమ్మ వైపు చూడకుండానే వెళ్లిపోయినాడు.

నాగులు వాళ్లు ఊరికి పడమట వేరే బావి తవ్వుకున్నారు. ఆ ఏడు అన్న కొడుకు పెళ్లికి కూడా రాలేదు. పాలెం ఆడవాళ్లు మొదట భయం భయంగా, తరువాత మామూలుగా పోలయ్య బావి గట్టెక్కి నీళ్లు తోడుకున్నారు. ఆయన రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఒకనాటి పొద్దున సంతోషమ్మ నీళ్లకు పోతే, పోలయ్య గట్టు మీద కూర్చొని గొర్రెలు నీళ్లు తాగేది చూస్తున్నాడు.

"పంతులమ్మా, ఆ రాజు ఎన్ని పశువులు తోలించినాడు?"

"పుస్తకంలో లేదయ్యా."

"ఏం పశువులు? బక్కవా, మంచివా?"

"బాగా బలిసినవే తోలించినాడంట."

పోలయ్య చాలాసేపు తన మందకేసి చూసినాడు. "బలిసినవి," అని తనలో తాను అనుకొని, గట్టు మీద పక్కకు జరిగి ఆమె కడవకు చోటిచ్చినాడు.