సానకిచ్చిన కత్తులు

మొదట కనిపించకుండా పోయింది కత్తిపీట. మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లిన చంద్రమౌళి మాస్టారికి అది ఉండే మూల ఖాళీగా కనిపించింది. పెళ్లయిన కొత్తలో ఆయన భార్య కామాక్షి పుట్టిల్లు మైపాడు నుంచి తెచ్చుకున్న కత్తిపీట. వేసవిలో ఆమె పోయాక దాన్ని ఆయన అక్కణ్ణించి కదపనివ్వలేదు.

"సానకిచ్చినా అబ్బయా," అంది మాలకొండమ్మ చారుకు పోపు పెడుతూ. ఆయనకు అక్క. పక్క వీధిలో కొడుకు ప్రవీణ్ దగ్గర ఉంటూ, పూటపూటా వచ్చి తమ్ముడికి వండిపెట్టి పోతుంది.

"నన్నడక్కుండానా?"

"కత్తి సానకిచ్చేదానికి గూడా హెడ్మాస్టరు సంతకం కావాల్నా?"

ఆయన నవ్వలేదు. తర్వాత కూరగాయల చాకు పోయింది. కుట్టుమిషను మీది కత్తెర పోయింది. అడిగిన ప్రతిసారీ అదే మాట, సానకిచ్చినా అని. చివరికి ఆయన బల్ల మీద పెన్సిళ్లు చెక్కుకునే బ్లేడు కూడా పోయింది. బ్లేడును ఎవరైనా సాన పట్టిస్తారా?

ప్రవీణ్ భార్య గంగాభవాని ఈమధ్యే ఇంట్లో జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. కత్తెర ఎటు పోయిందో మాస్టారికి అర్థమైంది. ఈరోజు కత్తెర, రేపు మిషను, ఆపైన చీరలు. కామాక్షి ఇల్లు ఒక్కొక్క వస్తువుగా గడప దాటుతోంది. అక్క వెళ్లేటప్పుడు ఆమె చేతిసంచీ ఎంత ఉబ్బెత్తుగా ఉందో చూడడం ఆయనకు అలవాటైపోయింది.

ఆ రోజు తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు పాఠంలో 'షార్పెన్' అనే మాట వచ్చింది. ఇంగ్లీషువాళ్లు వేటివేటికి పదును పెడతారో చెప్పమన్నారు. కత్తి, పెన్సిలు, బుర్ర అన్నారు పిల్లలు.

"ఆకలికి కూడా పెడతారు," అన్నారు మాస్టారు.

"మా ఆకలికి అక్కర్లేదు సార్! బెల్లు ఎప్పుడు కొడతారా అని చూస్తుండాం," అని అరిచింది వెనక బెంచీ.

క్లాసంతా నవ్వింది. అనుమానానికి కూడా పెట్టొచ్చు, అనుకున్నారాయన.

సాయంత్రం బడి గేటు ముందు హజరత్తయ్య కనిపించాడు. సైకిలుకు సానరాయి బిగించుకుని చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగేది అతనొక్కడే.

"మా కత్తిపీట అయిందా?"

"మీదా? నా కాడికి రాలేదే సార్. అమ్మగారు పోయినాక మీ ఇంటి కత్తి నేను చూడనే లేదు."

మాస్టారు నేరుగా ఇంటికి నడిచారు. మాలకొండమ్మ స్టవ్ ముందు ఉంది.

"హజరత్తయ్యను అడిగానక్కా. గంగాభవానికి కావాలంటే నేనే ఇచ్చేవాణ్ణి. ఈ అబద్ధాలెందుకు?"

ఆమె గరిటె కింద పెట్టింది.

"దానికి తెలీనే తెలీదురా. మా బియ్యం డ్రమ్ములో ఉండాయి, గుడ్డలో చుట్టిపెట్టినా."

"బియ్యంలోనా? ఎందుకు?"

"నువ్వేనాడన్నా కూర కోసినావా? ఆ పొద్దు బట్టలుతికే బండ కాడ కత్తి నూరతా కూర్చోనుండావు. పక్కన కోసేదానికి ఎర్రగడ్డ గూడా లేదు. పిలస్తే పలకలేదు. నేను చెయ్యి పట్టుకుంటే, ఎవరో అన్నట్టు చూసినావు." స్టవ్ మంట తగ్గించింది. "భయమేసిందిరా నాకు."

మాస్టారికి ఆ రోజు గుర్తుంది. ఆదివారం పొద్దున్నే చేపలు రాకముందు కామాక్షి ఆ బండ మీదే కత్తిపీట నూరుకునేది. ఆ చప్పుడు మళ్లీ వినాలనిపించి కూర్చున్నారు. అంతే. అంతేనా? అదే మాట అక్కతో అనబోయి మానుకున్నారు.

ఆయన నేల మీద కూర్చున్నారు.

"ఆ పొద్దు నాకేం తోచిందో నాకే తెలియదక్కా. ఏమీ తోచలేదని మాత్రం చెప్పలేను."

మాలకొండమ్మ స్టవ్ కట్టేసింది.

"అవన్నీ నీ దగ్గరే ఉండనీ," అన్నారాయన. "రాత్రిళ్లు ప్రవీణ్‌ను ఇక్కడ పడుకోమను. నేనే అడిగానని చెప్పు."

"వాడి గురకకు నీకు నిద్రెక్కడ పడతాది? నువ్వే మా ఇంటికి రా. లెయ్."

ఆయన లేచి, తలుపుకు తాళం వేసి, ఆమె వెంట నడిచారు.