యర్హా తర్వాతివాళ్లు

ముసలమ్మకు చూపు పోయింది గానీ గర్వం ఆవగింజంత కూడా తగ్గలేదు. తాతముత్తాతల నుంచి తాళాలు చేసే ఇల్లు తమదని, ఊళ్లో తమ తాళం పడని బీరువా లేదని ఆవిడ ధీమా. కింద కొట్లో ఇత్తడి రాకుతుంటే, మేడమీద పడక్కుర్చీలో కూర్చుని ఆ చప్పుడును బట్టే ఆకురాయి ఎవరి చేతిలో ఉందో చెప్పేసేది.

కొట్టు నడిపే కొడుక్కి ముగ్గురూ ఆడపిల్లలే. పెద్దది కొట్లో పనిచేసే నిదానం అనే కుర్రాణ్ణి తప్ప ఎవర్నీ చేసుకోనని పట్టుబట్టి కూర్చుంది. ఏ పనీ తొందరపడి చెయ్యడు గనక అతనికి ఆ పేరు ముసలమ్మే పెట్టింది. అనాథాశ్రమంలో పెరిగినవాడు, తల్లెవరో తండ్రెవరో తెలియదు. "ఇంటిపేరే లేనివాడికి పిల్లనెలా ఇస్తాంరా?" అని ఆవిడ ఒక్క మాటతో గడియ వేసేసింది. అమ్మ కాదంటే తాను అడుగు ముందుకు వెయ్యనన్నాడు కొడుకు. పెద్దమ్మగారికి ఇష్టం లేని చోట ఉండటం మర్యాద కాదు, నెలాఖరుకి వేరే పని చూసుకుంటానన్నాడు నిదానం. పెద్దపిల్ల అన్నం మానేసింది.

ఇంత జరిగినా సాయంత్రం వాక్యం చదవడం మాత్రం ఆగలేదు. ముసలమ్మ చూపు పోయినప్పటి నుంచి ఆ పని నిదానానిదే. చేతులకంటిన ఇత్తడి పొడి కడుక్కుని మేడెక్కి పరిశుద్ధ గ్రంథం తెరిచేవాడు. వంశావళులు వస్తే మనవరాళ్లు ఆవలింతలు మొదలెట్టేవాళ్లు. ముసలమ్మ మాత్రం ఒక్క పేరు కూడా వదలనిచ్చేది కాదు. దేవుడికి గుర్తున్నవాళ్లు మీకు బరువయ్యారా అని కసిరేది.

ఆ సాయంత్రం యూదా వంశం వచ్చింది. పేర్లు సాఫీగా సాగుతున్నాయి. షేషాను దగ్గరికొచ్చేసరికి నిదానం ఒక్క క్షణం తటపటాయించి, చటుక్కున కాలేబు సంతానంలోకి దూకాడు.

"ఆగు. మధ్యలోవాళ్లని ఏం చేశావు?" అంది ముసలమ్మ.

పేజీ జారిందేమోనని నసిగాడు నిదానం. అబద్ధం చెప్పడం అతనికి బొత్తిగా చేతకాదు. చదవమంది ఆవిడ.

గొంతు సవరించుకుని చదివాడు. షేషానుకు కూతుళ్లే గానీ కొడుకులు లేరు. అతని దగ్గర యర్హా అనే ఐగుప్తు దేశపు దాసుడున్నాడు. షేషాను తన కూతుర్ని ఆ దాసుడికే ఇచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. గదిలో ఆవలింతలూ ఆగిపోయాయి.

"ఎందుకు దాటేశావురా?"

"ఇది చదివితే వాక్యాన్ని అడ్డం పెట్టుకుని పిల్లనడిగినట్టుంటుంది పెద్దమ్మగారూ. మీ అంతట మీరిస్తే తీసుకుంటాను. లేకపోతే వద్దు."

ముసలమ్మ అతని గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. తనకు పనికొచ్చే మాట దొరికితే ఎవరైనా డప్పు కొట్టి మరీ చదువుతారు. కళ్లు కనబడని మనిషి ముందు దాన్ని దాటేసిన మగాణ్ణి ఆవిడ ఎక్కడా ఎరగదు. అలాంటివాడు తన గడపలోనే ఉన్నాడని ఆవిడ గుండె ఉప్పొంగింది. ఇన్నాళ్లూ పోల్చుకోలేకపోయినందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

"ఆ యర్హా తండ్రి పేరేమని రాసుంది?"

"లేదండీ."

"ఇన్నేళ్లు విన్నాను. లేదన్న సంగతి ఇవాళే తట్టింది. షేషాను మనిషిని చూసి ఇచ్చాడు, తర్వాతివాళ్ల సంగతి దేవుడు చూసుకున్నాడు."

మెట్లవైపు తిరిగి కొడుకుని కేకేసింది. "ఒరేయ్, కొట్టు కట్టేసి పైకి రా. మీ అల్లుడు చదువుతున్నాడు."

తలుపు చాటున వింటున్న పెద్దపిల్ల అక్కడే ఏడ్చేసింది. నిదానం మళ్లీ అందుకున్నాడు. యర్హాకు అత్తయి. "ఊఁ," అంది ముసలమ్మ. అత్తయికి నాతాను. "ఊఁ." నాతానుకు జాబాదు. పేరుపేరుకీ, తన మునిమనవల గురించి వింటున్నట్టు, మెడ నిక్కించి ఊకొట్టింది. చివరికొచ్చేసరికి అతను కళ్లు తుడుచుకోవడానికి ఆగాడు. మిగిలిన ఒక్క పేరూ ఆవిడే వీధిలోకి వినబడేలా చెప్పింది, ఎలీషామా అని.