ఆరు బీడీల దూరంలో గుండ్లగూడెం

బీడీ తాగుతూ నడిచి దూరం కొలవడంలో పర్వతాలును మించినవాడు పాలమూరు జిల్లాలో పుట్టలేదు, ఇక పుట్టడు. ఆయన మూడు బీడీలన్నాడంటే మూడు బీడీలే. సర్వేవాళ్లు గొలుసులు ఈడ్చి చెమటలు కక్కి కొలిచిన చోట, ఆయన ఆఖరి దమ్ము లాగి పీక నేలకు విసిరితే, అది సరిగ్గా సర్వే రాయి నెత్తిన పడేది. గజం తేడా వచ్చేది కాదు.

ఈ సంగతి మెహమూద్ కూడా నమ్మాడు. నమ్మకపోతే ఇంత కథ జరిగేదే కాదు.

మెహమూద్ మహబూబ్‌నగర్‌లో, తాగునీళ్ల సంగతి చూసే ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. అది తొంభై ఆరో సంవత్సరం. జిల్లా పటం ఎక్కించిన కంప్యూటర్ ఆ ఆఫీసులో అదొక్కటే. దాని గదికి ఏసీ, కిటికీలకు తెరలు, చెప్పులు బయట విడవాలన్న ఆజ్ఞ. అందులో ఊళ్ల పట్టిక ఒకటి ఉండేది. వరుసకొక ఊరు, పేరు, జనం, పటం మీద చుక్క ఎక్కడ పెట్టాలన్న లెక్క. పట్టికలో ఉన్న ఊరికి బోరింగు వస్తుంది. లేని ఊరికి రాదు, లేని ఊరికి దాహం కాదు కనుక.

గుండ్లగూడెం పట్టికలో లేదు. కోస్గి అవతల గుట్టల సందున నలభై ఇళ్లు, ఎనభై మేకలు, ఒక్క నీటి చుక్క లేదు. ఆ ఊరి పెద్దమనిషిగా పర్వతాలు ప్రతి మంగళవారం బస్సెక్కి వచ్చి, చెప్పులు విడిచి, గడపలో నిలబడేవాడు.

"సారూ, మా ఊరు దొరికిందా?"

"దొరకలే కాకా."

"నేను పొద్దుగాల ఆడికెల్లే వచ్చిన సారూ. ఆడనే ఉండె."

ఆయన తొందరకు కారణం ఇంట్లో ఉంది. పెళ్లాం గుర్వమ్మ ముప్పై ఏళ్లుగా మైలున్నర దూరంలోని వ్యవసాయబావి నుంచి బిందె మోసింది. ఆ ఎండాకాలం మోకాలు వాచింది. బిందెను మొగుడి ముందు బోర్లించి, "ఊర్లకు బోరింగొచ్చేదాక నీల్లు నువ్వే తెచ్చుకో, బువ్వ నువ్వే వండుకో. నేను తాకితే ఒట్టు" అంది. అప్పటి నుంచి పర్వతాలు తన చేత్తో మాడ్చుకున్న జొన్నరొట్టె తానే తింటున్నాడు. నెలరోజుల్లో మనిషి సగమయ్యాడు.

మెహమూద్‌కు జాలి కలిగింది. ఆయన హైదరాబాదులో పది రోజులు శిక్షణ పొందివచ్చాడు. పట్టికకు కొత్త వరుసలు చేర్చే చిన్న ప్రోగ్రాం రాయడం వచ్చు. పట్టిక తెరువు, అడుగున ఖాళీ వరుస చేర్చు, పేరు రాయి, ఫలానా చోటి నుంచి ఫలానా దిక్కుకు ఇన్ని మీటర్లలో చుక్క పెట్టు, దాచు. ఉన్న పేరే మళ్లీ వస్తే ఒప్పుకోకు. అంతే, ఆరు వాక్యాలు. ఎక్కించిన వరుసను తీసెయ్యడం పదకొండో రోజు పాఠం. ఆ రోజుకు మెహమూద్ కోస్గిలో బావమరిది పెళ్లిలో బిర్యానీ తింటున్నాడు.

"కోస్గి బస్టాండుకెల్లి మీ ఊరెంత దూరం కాకా?"

"దక్షిణం మొఖాన నిటారుగ ఆరు బీడీలు."

"గట్ల గాదు, మీటర్లల్ల చెప్పు."

"మీటర్లు నేను తాగ సారూ."

సరే, బీడీని మీటర్లలోకి మార్చాలి. మెహమూద్ టేపు పట్టి ఆఫీసు ఆవరణ కొలిచాడు. చుట్టు తిరిగితే వంద మీటర్లు. పర్వతాలు బీడీ ముట్టించి బయలుదేరాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసరు నిర్మలమ్మ మేడం వరండాలోకి వచ్చి, ఈ పెద్దమనిషి ప్రదక్షిణలు ఎందుకు చేస్తున్నాడో చూద్దామని నిలబడింది.

పెద్దవాళ్ల ముందు పొగ తాగడమా! పర్వతాలు బీడీని గుప్పిట్లో మూసి చెయ్యి వెనక్కు పెట్టుకున్నాడు. జీపు షెడ్డు చాటుకు పోయినప్పుడు మాత్రం ఆరిందో లేదో అన్నట్టు ఒక్క దమ్ము. మళ్లీ ఎండలోకి వస్తే మళ్లీ గుప్పిట. మేడం కదల్లేదు. బీడీ అయిపోలేదు. పన్నెండు చుట్లు తిరిగాక షెడ్డు వెనక పీక పారేసి, వగరుస్తూ వచ్చాడు.

"బీడీకి పన్నెండు వందల మీటర్లు" అని రాసుకున్నాడు మెహమూద్. ఆరుతో హెచ్చించాడు. మీట నొక్కాడు. పటం మీద పచ్చటి చుక్క వెలిగింది.

"అగో, మీ ఊరు పుట్టింది కాకా."

పర్వతాలు కంప్యూటర్ తెరకు దండం పెట్టాడు.

మొదట్లో గజం తేడా రాదన్నాను చూడండి, వచ్చింది. దారిలో ఎవరూ లేనప్పుడు పర్వతాలు బీడీ ఐదొందల మీటర్లకే అయిపోతుంది. కాబట్టి నాలుగు కిలోమీటర్లు, పైన రెండు వందల మీటర్లు తేడా వచ్చింది. ఆ కాస్తంత తేడాకు గుండ్లగూడెం పోయి ఇంకో ఊరి పెద్దచెరువు నట్టనడుమ కూర్చుంది. పటంలో చెరువులకు ఎండాకాలం రాదు.

కంప్యూటర్ కాగితం కక్కింది. నీటికి దూరం: సున్న. నాలుగు వైపులా నీళ్లు: ఉన్నవి. బోరింగు: అక్కరలేదు. మంజూరు: పుట్టి ఒకటి.

కొల్లాపూర్ దిక్కున కృష్ణ దాటించే గుండ్రటి బుట్ట పడవ లేదూ, ఆ పుట్టి. నెల తిరిగేసరికి లారీ మీద వచ్చి గూడెం నడుమ దిగింది. ఊరంతా చుట్టూ చేరింది.

"ఇదేందయ్యా?" అంది గుర్వమ్మ.

"సర్కారిచ్చింది."

"నీల్లడిగితే పడవిస్తరా! రేపు బువ్వడిగితే ఇస్తరాకు పంపుతరా?"

మర్నాటికి అందులో కోళ్లు పొదగడానికి కూర్చున్నాయి.

పర్వతాలు ఈసారి మంగళవారం దాకా ఆగలేదు. మెహమూద్ పటం చూసుకుని తల పట్టుకున్నాడు. వరుస తీసెయ్యడం రాదు. అదే పేరుతో ఇంకోటి చేరుద్దామంటే తాను రాసిన ప్రోగ్రామే ఒప్పుకోదు.

"కొత్త గుండ్లగూడెం అని ఎక్కిస్త కాకా."

"మరి చెర్వుల ఉన్నదాంట్ల ఎవరుంటరు సారూ? మా నలభై ఇండ్లల్ల ఎవ్వలు పోరు."

అంతలో పైనుంచి ఉత్తరం. పుట్టిలో రోజుకు ఎంతమంది దాటుతున్నారో నెలలోగా తెలపాలి, వాడకపోతే బాధ్యులపై చర్య. మెహమూద్‌కు చెమట పట్టింది. పట్టికలన్నీ తిరగేశాడు. రేవుల పట్టిక కనబడింది. కోస్గి దిక్కున ఒక్క వరుస కూడా లేక బోసిగా ఉంది. చేర్చడం ఒక్కటే తెలిసినవాడు చేర్చే చోటు దొరికితే ఊరుకుంటాడా? జీపు మీటరు చూసుకుంటూ స్వయంగా పోయి, మూడు కిలోమీటర్లు పక్కాగా రాసుకొచ్చి, ప్రోగ్రాంలో పట్టిక పేరు మార్చి మీట నొక్కాడు. గుండ్లగూడెం రేవు. పుట్లు: ఒకటి. నీటి లోతు: సున్న.

కాగితం నిర్మలమ్మ మేడం చేతికి పోయింది.

"ఏందయ్యా మెహమూద్, నీల్లు లేని రేవా?"

"అవ్ మేడం. పుట్టి ఎండకు పగులుతాంది. సర్కారు సొమ్ము."

"ఊరికి బోరిద్దామంటే వాళ్లు చెర్వుల ఉన్నరని కాగితం చెప్తాంది. మనుషులకిచ్చే రూల్ లేదు." మేడం కలం తీసింది. "పుట్టికియ్యొద్దని రూలెక్కడ లేదు గద?"

పది రోజుల్లో బోరు బండి వచ్చింది. రెండు వందల అడుగుల దగ్గర నీళ్లు తగిలాయి. పక్కన తవ్విన గుంటను నింపి పుట్టిని తేల్చారు. కోళ్లు అలిగి చెట్టెక్కాయి. మేడం తనిఖీకి వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పుట్టిలో కూర్చుని, గుంటలో మూడు చుట్లు తిరిగి, వాడకంలో ఉన్నదని సంతకం చేసింది. ఆ రాత్రి గుర్వమ్మ బోరింగు కొట్టి బిందె నింపి, ఎసరు పెట్టింది. పర్వతాలు రెండు తట్టల బువ్వ తిన్నాడు.

ఇందులో మేడం పుట్టి ఎక్కిందన్నది ఒక్కటే నేను కలిపిన మాట. ఆమె గట్టు మీదే నిలబడి సంతకం పెట్టింది. ఎక్కింది గుర్వమ్మ. మూడు చుట్లు కాదు, పొద్దు గూకేదాకా దిగలేదు.