వెనక గది నంబరు

దశరథ సంకలో పెట్టుకొని తిరిగే మడత టీవీకి నోరు పడిపోయిందట. ఈ మాట గుర్వమ్మ బోరింగు దగ్గర నర్సింగమ్మకు చెప్పింది, నర్సింగమ్మ మా అమ్మకు చెప్పింది. మా అమ్మ నాకు చెప్పేసరికి అందులోంచి పొగ కూడా వచ్చింది.

పొగ రాలేదు. మిగతాది నిజం.

అది ల్యాప్‌టాప్. ఆలేరులో మా చేనేత సంఘానికి దశరథ గుమాస్తా. చీరల డిజైన్లు గళ్ల కాగితం మీద కాదు, కంప్యూటర్ మీద గీస్తానని పట్టుబట్టి, సంఘం చేత సికింద్రాబాదులో ఒక పాతదాన్ని కొనిపించాడు. అధ్యక్షుడు రామచంద్రయ్య ఒకే షరతు పెట్టాడు. మే నెల చివరి సోమవారం మీటింగులో మొదటి డిజైన్ తెర మీద చూపాలి. చూపలేకపోతే డబ్బాను అమ్మేస్తారు, దశరథ మళ్లీ తల్లి లక్ష్మీనర్సమ్మ పక్కన కూర్చొని చిట్కి కట్టుకోవాలి. అంటే రంగు అంటకూడని చోటల్లా నూలుకు రబ్బరు చుట్టే పని. అది అతనికి రాక కాదు. గంట కూర్చుంటే నడుము పట్టేసేది. తల్లి నోరు మాత్రం ఎన్ని గంటలైనా పట్టేసేది కాదు.

డిజైన్ పూర్తయింది, ఫ్లాపీలో భద్రంగా ఉంది. అక్కడితో ఆగితే అతను దశరథ ఎందుకవుతాడు? మీటింగు రెండు రోజులుందనగా, శనివారం పొద్దున కొత్త విండోస్ ఎక్కించబోయాడు. జాగా చాలదంది మిషను. డిస్కు చివర్లో పేరు లేని ముక్క ఒకటి కనిపిస్తే, ఉత్తగానే పడి ఉంది కదా అని తీసిపారేశాడు. మళ్లీ మొదలుపెట్టగానే కరెంటు పోయింది. పాత బ్యాటరీ ఎప్పుడో ప్రాణం విడిచింది. కరెంటు వచ్చాక నల్లటి తెర మీద చిన్న తెల్ల గీత ఒకటి కొట్టుకుంటూ ఉండిపోయింది. పాత విండోస్ పోయింది, కొత్తది రాలేదు. ఫ్లాపీలో డిజైన్ ఉంది గానీ దాన్ని తెరిచే దిక్కు లేదు.

ఆదివారం మక్సూద్ వచ్చాడు. స్టేషన్ రోడ్డులో టీవీలు బాగు చేస్తాడు, హైదరాబాదులో ఆరు నెలలు కంప్యూటర్ల పని నేర్చుకున్నాడు. జరిగింది విని తల పట్టుకున్నాడు. ఆ పేరు లేని ముక్కే అసలు ప్రాణమని చెప్పాడు. మిషను పడిపోతే లేపడానికి కంపెనీవాళ్లు దాచి ఉంచే వెనక గది అది. కొన్ననాటి సరంజామా మొత్తం అందులోనే ఉంటుంది.

“తీసేసినంక దాని మీద ఏమన్న రాసినవా?” అని అడిగాడు.

“యాడ రాసిన? అంతలనే కరెంటు పాయె.”

“కరెంటోళ్లకు దండం పెట్టు దశరథ్ భాయ్. గది కూలలే. పట్టీల దాని నంబరు చెరిగింది, గంతే. యాడ షురువైతది, యాడ ఖతమైతది చెప్పు, మల్ల రాస్త. ఒక్క అంకె తప్పినా తల్పు తెరుసుకోదు.”

ఆ రెండు నంబర్లను కొన్ననాడే, మిషను అమ్మినతను చీటీ మీద రాసి దాని అడుగున అంటించాడు. దశరథ దాన్ని తిరగేశాడు. అడుగంతా పసుపు. చీటీ ఉన్నచోట పసుప్పచ్చని మరక తప్ప ఏమీ లేదు.

దసరాకు మా ఇళ్లలో పోగు నడిపే నాడెకు, దాన్ని అదిమే అచ్చుకు, కండె చుట్టే రాట్నానికి పసుపు పూసి బొట్లు పెడతారు. ఇంట్లో అన్నం పెట్టే ప్రతి పనిముట్టుకూ పూజ చేయాల్సిందే. లక్ష్మీనర్సమ్మ మిషనుకు కూడా చేసింది. తక్కువ చేస్తే దానికి కోపం వస్తుందని అడుగున ఇంకాస్త ఎక్కువగా పూసింది.

దశరథ గోడకు ఆనుకొని కూలబడ్డాడు. చూడవచ్చిన గుర్వమ్మ ఇదంతా బోరింగు దగ్గర ఎట్లా చెప్పాలో అప్పుడే సర్దుకుంటోంది.

అప్పుడు లక్ష్మీనర్సమ్మ కడుతున్న చిట్కి ఆపి, నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టింది. ఆనాడు పసుపు తడికి అంకెలు ఉబ్బడం చూసి భయపడిందట. కొడుక్కు చెబితే అరుస్తాడని చెప్పలేదట. చెరిగిపోయేలోపు, డిజైన్ లెక్క గుర్తుంచుకునేటట్టే, దారం మీద ముడులేసి మిషను సంచి జిప్పుకు కట్టిందట. అంకె ఎంతో అన్ని ముడులు, సున్నకు ఎర్రపోగు.

దశరథ ముఖం తెల్లబోయింది. దాన్ని దిష్టిదారం అనుకున్నాడు. రామచంద్రయ్య ముందు నామోషీ అని మొన్ననే కత్తిరించాడు.

“యాడ పారేసినవ్?” అన్నాడు మక్సూద్.

పారేయలేదు. ఎంత కంప్యూటర్ పిల్లగాడైనా నేత ఇంట్లో పుట్టాడు. పోగు ముక్కను చెత్తలో వేయడానికి చెయ్యి రాదు. అలవాటు కొద్దీ మగ్గం మూలనున్న చిక్కు పోగుల బుట్టలో పడేశాడు. ఆ బుట్టలో దీపావళి నుంచి పోగైన దారాలున్నాయి.

నలుగురూ చుట్టూ కూర్చొని వెతికారు. గుర్వమ్మ రెండుసార్లు దొరికిందని చెప్పింది, రెండుసార్లూ అది ఆమె కొంగు పోగే. చివరికి ఎర్రపోగు ముడి దశరథ వేళ్లకే తగిలింది. పక్క మీద పరిచి లెక్కపెట్టాడు. మూడు, ఎనిమిది, ఏడు. కొంత ఖాళీ. రెండు, ఎర్రది, ఏడు.

మక్సూద్ రాసుకొని చూసి నవ్వాడు. “మూడొందల ఎనభై ఏడుకు షురువై రెండొందల ఏడుకు ఖతమైతదా? గిదేం గది భాయ్, గడప కంటె ముందే ముగుస్తాంది.”

లక్ష్మీనర్సమ్మ దారం లాక్కొని, చివరలను వేళ్లతో తడిమి, తిప్పి పెట్టింది. “తోక పట్టుకొని సదువుతున్నరు.”

ఏడు వందల రెండు నుంచి ఏడు వందల ఎనభై మూడు. మక్సూద్ తన ఫ్లాపీ పెట్టి అంకెలు కొట్టాడు. ఇల్లంతా ఊపిరి బిగబట్టింది, గుర్వమ్మ కూడా. మిషను గరగరమంది, ఆగింది, మళ్లీ గరగరమంది. వెనక గది తలుపు తెరుచుకుంది. గంటన్నర తర్వాత పాత విండోస్, గీతలు గీసే సరంజామా తిరిగొచ్చాయి. ఫ్లాపీ పెట్టగానే చీర కొంగు మీద నెమలి తెర మీదికొచ్చి నిలబడింది. లక్ష్మీనర్సమ్మ దగ్గరికెళ్లి చూసి, ముక్కు కొంచెం పెద్దగుందని చెప్పింది.

దశరథకు ఒక్కసారిగా ధైర్యం పెరిగింది. నంబర్లను నోటుబుక్కులో రాసుకుంటూ, ఇకమీదట మిషనుకు పసుపు గిసుపు పెట్టొద్దని, ఇది రాట్నం కాదని, కొత్త విండోస్ మాత్రం వచ్చే వారం మళ్లీ ఎక్కించి చూస్తానని తల్లికి వినయంగానే చెప్పాడు.

లక్ష్మీనర్సమ్మ తిరిగి చిట్కి ముందు కూర్చుంది. ముడుల దారాన్ని సంచి జిప్పుకు ఈసారి రెండు ముడులతో కట్టింది.

“నేను పసుపు పూసినంక ఏడు నెలలు నడిచింది. నువ్వు చెయ్యి పెట్టినంక ఏడు గడియలు నడ్వలే.”