అవతలి గాజుగది

ఒంటిగంట కాకముందే గేటక్క కుర్చీని గోడవైపు జానెడు జరుపుకుంది. అంతకుమించి జరగడానికి చోటేదీ? మొగుడి పాత చొక్కాల చేతులు కత్తిరించి కుట్టుకున్న తొడుగుల్ని మోచేతులపైకి లాక్కుంది, మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండ్లు వేసుకుంది. తువ్వాలు తలమీంచి తెచ్చి ఎడమ చెంపను కప్పి పిన్ను పెట్టింది. ఇక సాయంత్రందాకా ఎండా తనూ ఒకే గదిలో కాపురం.

శీతల గిడ్డంగి గేటు దగ్గర రోడ్డుకు అటొకటి ఇటొకటి రెండు గాజుగదులు. లోపలికొచ్చే లారీలను అవతలి గదిలో బాబాయ్ చూస్తాడు, బయటికెళ్ళే వాటి చీటీల మీద ఈమె ముద్ర వేస్తుంది. బాబాయ్ గది గిడ్డంగి గోడను ఆనుకుని ఉంది. మధ్యాహ్నం తిరిగితే దాని మీదంతా నీడే, పైగా గోడలోంచి చల్లదనం కూడా దిగుతుందట. ఆ నీడ నిదానంగా రోడ్డు దాటుకుంటూ సరిగ్గా ఆమె డ్యూటీ దిగేవేళకు గుమ్మం చేరుతుంది. చేరి ఏం లాభం!

అద్దానికి ఏదీ అంటించకూడదని మేనేజరు ఒక కాగితం రాయించి, దాన్ని మాత్రం అద్దానికే అంటించాడు. మూడింటికి ఆ కాగితం నీడ అరచేయంత పడుతుంది. ఆమె చెంపను అందులో పెట్టుకుని కూర్చుంటుంది.

చెంప మీద నల్లమచ్చలు, వాటి మీద దద్దుర్లు, నీళ్ళపొక్కులు. చర్మం డాక్టరు చూసి, "నీ ఒంటికి ఎండ పడదమ్మా. ఎండలోకి వెళ్ళకు" అన్నాడు.

"నేనెక్కడికీ వెళ్ళను డాక్టరుగారూ. అదే నా దగ్గరికొస్తుంది."

డాక్టరు నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, ఇంకో రెండు వేసవులు ఇలాగే గడిస్తే ఆ మచ్చ ఏమవుతుందో తాను చెప్పలేనన్నాడు. పూసుకోమని ఇచ్చిన క్రీము చెమటకు పావుగంటలో కారి కళ్ళలోకి దిగుతుంది. మానేద్దామంటే మొగుడు నడుం పడిపోయి మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నాడు. చొక్కాలకు చేతులు లేకపోయినా అడగని మనిషి.

బాబాయ్ దిగిపోతే ఆ కుర్చీ నీదేనని మేనేజరు ఎప్పుడో మాటిచ్చాడు. అప్పట్నుంచీ ఆయన దగ్గినప్పుడల్లా ఆమె చెవి అటు వేసేది. మరుక్షణం ఛీ ఛీ, ఏం మనిషిని నేను అని లెంపలేసుకునేది. ఇవాళ ఆ గదిలో బాబాయ్‌కి ఆఖరి రోజు. పొద్దున్నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు.

నాలుగింటికి బాబాయ్ సంచీ పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"వెళ్ళొస్తానే అమ్మాయ్."

"అప్పుడే ఏంటి బాబాయ్? టైము కాలేదుగా."

"ఇక చాలన్నారు. ఆ గేటుకి మిషను పెట్టేశారు. లారీ నంబరు అదే చదువుకుంటుందట. గదికి తాళం కూడా వేసేశారు."

ఆమె చేతిలో ముద్ర అలాగే ఉండిపోయింది. "మరి నేను?"

ఆమె ఫోనందుకుని మేనేజరుకు చేసింది. ఖాళీగా ఉన్న గదే కదా సార్, అక్కడ కూర్చుని ఇటు లారీలు చూసుకుంటానంది.

"అక్కణ్ణుంచి డ్రైవరు చెయ్యి నీకెలా అందుతుందమ్మా? బయటికెళ్ళే సరుకు మనిషే చూడాలి. ఉద్యోగం మిగిలింది, అందుకు సంతోషించు" అని పెట్టేశాడు.

"నీకిమ్మని నేనూ చెప్పానే" అన్నాడు బాబాయ్.

"ఎప్పుడు?"

"ఇవాళ పొద్దున."

"తొమ్మిదేళ్ళు ఎదురుగా కూర్చుని చూశారు. ఇన్నాళ్ళూ బెల్లం కొట్టిన రాయిలా ఉండి ఇవాళ చెప్పారా బాబాయ్!"

వెనక లారీ హారన్ కొట్టింది. బాబాయ్ పక్కకు తప్పుకుని, తల వంచుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆమె చీటీ అందుకుని ముద్ర వేసింది. కన్నీళ్ళు పొక్కుల మీదికి జారి భగ్గున మండాయి. తుడుచుకుంటే ఇంకా మంట.

లారీ వెళ్ళాక అవతలికి చూసింది. తాళం వేసిన గదిలో, చల్లటి నీడలో, బాబాయ్ మరిచిపోయిన ఉన్ని స్వెట్టరు కుర్చీ వీపుకు వేలాడుతోంది.