నలభై ఒకటో నంబరు

బ్రెడ్డు ముక్కల మధ్య జున్ను పెట్టి కాగితంలో చుట్టేసరికి ఉదయం ఆరు కావస్తోంది. తోర్గైర్ ఎడమచేత్తోనే దారం ముడేసి, జేబు తడుముకున్నాడు. ఉక్కు ముద్ర ఉంది. చూపుడువేలంత కడ్డీ, కొసన 41 అని అంకె. ఓడలు కట్టే మా రేవులో వెల్డింగు చేసే ప్రతివాడూ తన అతుకు పక్కన తన నంబరు సుత్తితో కొట్టాల్సిందే. ఒకడి ముద్ర ఇంకొకడు వాడకూడదు. నలభై మూడేళ్లుగా అతను ఆ నంబరుతోనే బతికాడు. ఈ శుక్రవారంతో ఉద్యోగం అయిపోతుంది. ఈ ఒక్క వారం ప్రశాంతంగా గడిస్తే చాలనుకున్నాడు పాపం.

నీళ్లు తోడేసిన డ్రైడాక్‌లో గస్తీ ఓడ నిలబడి ఉంది. ఉత్తరాన మంచు సముద్రంలో తిరగడానికి నేవీవాళ్లు మా దగ్గర కట్టించుకున్నదే. మంచును చీల్చుకుపోవాలని ముక్కు దగ్గర రెండు వేళ్ల మందాన రేకు వేశాం. రెండో చలికాలంలో అక్కడే అతుకు చీలి నీళ్లు లోపలికొచ్చాయి. ముప్పైమంది ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాన్ని వెనక్కి తెచ్చారు. ఇప్పుడు రంగు గీకితే చీలిక పక్కన అంకె స్పష్టంగా కనబడుతోంది. 41.

తోర్గైర్ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నంబరు తనదే, చెయ్యి తనది కాదు. అతుకు మీద చేప పొలుసుల్లా పడే వరసలు కుడిచేతివాడికి ఒకవైపు వాలతాయి, ఎడమచేతివాడికి రెండోవైపు. ఇవి కుడిచేతివాడివి. రేవు మొత్తానికీ ఎడమచేతివాడు తనొక్కడే.

ముద్ర అతని జేబు వదిలింది ఒక్కసారే, ఈ ఓడ కడుతున్నప్పుడు భార్య గూన్వోర్ ఆస్పత్రిలో ఉన్న పదకొండు రోజులు. సెలవు పెట్టినవాడు దాన్ని మేస్త్రీకి అప్పగించి వెళ్లాలి. మేస్త్రీ అస్లాక్ అతనితోపాటే పనిలో చేరినవాడు, గూన్వోర్ శవపేటిక మోసినవాడు. అంత్యక్రియల మర్నాడు ముద్రను ఉతికిన చేతిరుమాల్లో చుట్టి ఇచ్చి, కావిలించుకుని ఏడ్చాడు కూడా. ఆ రుమాలు తిరిగివ్వాలని తోర్గైర్ ఇస్త్రీ చేసి పనిపెట్టెలో పెట్టుకున్నాడు. ఎప్పటికప్పుడు మరిచిపోతూ వచ్చాడు.

కాఫీ వేళకు అస్లాక్ వచ్చి పక్కన కూర్చున్నాడు. మొహం చూడకుండా అంతా తనే చెప్పేశాడు. ఓడ అప్పగించే తేదీ నెత్తిమీదికొచ్చింది, చేసే మనిషి లేడు. ముక్కు దగ్గరి మందపు రేకు అతకడానికి తనకున్న అనుమతి పత్రం గడువు ఎప్పుడో దాటిపోయింది. అయినా తనే అతికాడు, ఈ ముద్ర కొట్టాడు.

“శుక్రవారం ఇంటికెళ్లిపోతావు, నిన్నెవడేం చేస్తాడ్రా? నాకింకా రెండేళ్లుంది.”

“అందులో ముప్పైమంది ఉన్నార్రా.”

“బతికే వచ్చారుగా.”

నిజం చెప్పాలంటే, తోర్గైర్ ఆ సంగతి బయటపెట్టకుండా మింగేద్దామనే అనుకున్నాడు. పరువు పోతుంది, సరే. ఉన్న ఒక్క స్నేహితుణ్ణీ పోగొట్టుకుని ఆ ఖాళీ ఇంట్లో ఏం చేస్తాడు?

మధ్యాహ్నం ఆ ఓడ కమాండరే వచ్చింది, చీలిన రోజు ఓడలో ఉన్న మనిషి. నలభై ఒకటి ఎవరని అడిగింది. తోర్గైర్ చెయ్యెత్తాడు. ఇది మీరు వేసిందేనా అంటే, అతను నోరు తెరిచేలోపే అస్లాక్ అందుకున్నాడు.

“ఏమనుకోకండి కమాండర్ గారూ. అప్పుడు వాళ్లావిడ చావుబతుకుల్లో ఉంది. మనిషి మనసు మనసులో లేదు.”

తోర్గైర్‌కి ఒళ్లు మండిపోయింది. ముద్ర వాడుకున్నాడు, పేరు వాడుకున్నాడు. ఇప్పుడు గూన్వోర్ చావును కూడా వాడుకుంటున్నాడు, ఆమె పెట్టిన తిండి ఎన్నిసార్లో తిన్నవాడు.

అతను ముసుగు దించుకుని, ఒక తునక రేకు మీద ఎడమచేత్తో జానెడు అతుకు వేశాడు. చల్లారాక తెచ్చి ఆమె ముందు, చీలిక పక్కన పట్టుకున్నాడు.

“ఇదండీ నా చెయ్యి. అప్పుడు పదకొండు రోజులు మా ఆవిడ పక్కనే కూర్చున్నాను. గేటు దగ్గర హాజరు పట్టీ చూసుకోండి.”

ఆమె రెండు అతుకుల మీదా బొటనవేలు రాసి చూసింది. తర్వాత మేస్త్రీ వైపు తిరిగింది. అస్లాక్ కాఫీ కప్పును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

తోర్గైర్ శుక్రవారం దాకా ఆగలేదు. చేతితొడుగులు విప్పి కొక్కేనికి తగిలించి, పనిపెట్టె ఖాళీ చేసి, మేస్త్రీ గదిలో ఒక్క నిమిషం ఉండి, వానలోనే నడుచుకుంటూ వెళ్లిపోయాడు. వెళ్లేవాళ్లకు కేకు కోయించడం ఇక్కడి ఆనవాయితీ. అతన్ని ఎవరూ పిలవలేదు, పిలిచినా వచ్చేవాడు కాదు.

మేస్త్రీ బల్ల మీద ఇస్త్రీ చేసిన చేతిరుమాలు నాలుగు మడతలుగా ఉంది, దానిమీద ఉక్కు ముద్ర, 41 అంకె కుర్చీ వైపు తిప్పి పెట్టి ఉంది.