మొగులయ్య పట్టుకున్న తలుపు

ఎల్లారెడ్డిలో మజీదా ఇంటి వాకిట్లోకి మధ్యాహ్నం అన్నాలయ్యాక బీడీల చాటలు చేరేవి. తునికాకులో తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం చేతుల పని. నోళ్లు ఖాళీయే. అందుకే మాటలతో ఆడే ఆ ఆట వాళ్లకు బాగా కుదిరింది.

ఆట పెట్టెను మజీదా కొడుకు ఖయ్యూం సెలవుకొచ్చినప్పుడు సౌదీలోని దమ్మాం నుంచి తెచ్చాడు. అక్కడ అతను ఊడ్చే క్వార్టర్లలోని అమెరికా కుటుంబం ఒకటి తమ దేశానికి పోతూ ఇచ్చేసిందట. అందులో పలుచని ఇంగ్లీషు పుస్తకం, రకరకాల పలకలున్న పాచికలు ఉన్నాయి. అంకెలు కనబడడం లేదని ఖయ్యూం చెల్లెలు సఫూరా వాటిలో సుర్మా రుద్దింది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగేది ఆమె ఒక్కతే కాబట్టి కథ చెప్పే పని ఆమెకే పడింది. భూమి కింద పాత కోట ఉంది. ఏ గదిలో ఏముందో సఫూరా చెబుతుంది. మిగతావాళ్లు తలా ఒక మనిషిని కల్పించుకుని, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పాలి. అది అవుతుందో లేదో పాచిక తేలుస్తుంది. పాచిక తంబాకు చాటలోనే వేసేవారు.

మజీదా మంత్రగాడైంది. పుస్తకం ప్రకారం వాడికి రోజుకు ఒక్కటే మంత్రం. "దుకాణం తెరిచి ఒక్క సబ్బుబిళ్ల పెట్టుకున్నట్టున్నది" అనేది. ఖయ్యూం భార్య రఫియా దీపం పట్టుకునే పిల్ల. వెనక గదిలో కిరాయికుండే రామవ్వకు ముందూ వెనకా ఎవరూ లేరు. ఆమె మొగులయ్య అనే పొట్టివాణ్ణి కల్పించుకుంది. బొడ్డుదాకా గడ్డం, రోకళ్లలాంటి చేతులు. ఏమడిగినా తలూపుతాడని ఆమె అతని తరఫున చెప్పేది.

మొదటిరోజు సఫూరా "మెట్లున్నయి, కిందికి పోతున్నయి" అంది. తెల్లారేసరికి వాకిట్లో జామచెట్టు పక్కన మెట్లున్నాయి. చల్లగా ఉంటుందని మజీదా పై మెట్టు మీద ఉల్లిగడ్డలు పెట్టుకుంది. ఆట ఎంతవరకు సాగితే లోపల దారి అంతవరకు ఉండేది, ఆపైన మట్టి. ఒకసారి సఫూరా పాచిక వేయించకుండానే అందరినీ ఒక గది దాటించింది. మర్నాటికి ఆ గది కూలిపోయింది. ఆ తర్వాత ఆమె ఎవరి మీదా జాలి చూపలేదు.

ఆ ఏడు వానాకాలం రఫియాకు నెలలు నిండాయి. నొప్పులు మొదలైన పొద్దున మంత్రసాని చిన్నవ్వ కడుపు తడిమి, చేతులు కడుక్కుంది.

"బిడ్డ అడ్డం తిరిగింది. నాతోని కాదు. కామారెడ్డి పెద్ద దవాఖానకు తీస్కపోవాలె."

వాగు వంతెన మీద నుంచి పారుతోంది. నిన్నటి నుంచి బస్సులు లేవు. మజీదా మెట్ల దిక్కు చూసి కూతుర్ని అడిగింది.

"ఇంకెంత మిగిలింది?"

"ఒక్క బండ తలుపు. అవతల ఏమున్నదో నేనింకా చెప్పలె."

"కామారెడ్డి దవాఖాన ఉన్నదని చెప్పు."

"చెప్త. కానీ తలుపు తెరవాలె గదా. పాచిక వెయ్యాలె."

తలుపు ఎత్తగలిగేది మొగులయ్యే. రామవ్వ చాట ముందుకు లాక్కుని పాచిక వేసింది. మధ్యరకం అంకె పడింది. సఫూరా పుస్తకంలో వేలు పెట్టి చూసింది.

"లేస్తది. కానీ పైన ఆగది. మొగులయ్య పట్టుకొనే ఉండాలె. వదిలితే ఆయన మీదనే పడ్తది."

"మల్లొకసారి ఎయ్యొచ్చా?" అంది రామవ్వ.

"ఎయ్యొచ్చు. తక్కువొస్తే అసలుకే లేవదు."

మంచంలో రఫియా పళ్లు బిగబట్టి ఉంది. రామవ్వ పాచికను సఫూరా చేతిలో పెట్టింది.

"ఉండనియ్. పట్టుకుంటడు."

మంచానికి నాలుగు దిక్కులా, చిన్నవ్వతో కలిపి నలుగురు ఆడవాళ్లు పట్టారు. ఉల్లిగడ్డలు పక్కకు జరిపి కిందికి దిగారు. ఆడిన గదులన్నీ ఆడిన వరుసలోనే ఉన్నాయి. చివరన మొగులయ్య బండను భుజాల మీదికి ఎత్తుకుని నిలబడ్డాడు, రామవ్వ చెప్పినట్టే. గడ్డంలోంచి చెమట కారుతోంది. కొంగుతో తుడుద్దామంటే రామవ్వకు చేతులు ఖాళీ లేవు. వంగి, మంచంతో పాటు అతని పక్క నుంచి దాటింది.

దవాఖాన వెనక, దుప్పట్లు ఆరేసే చోట తేలారు.

"వాగు దాటి ఎట్లొచ్చిండ్రు?" అని నర్సు అడిగింది.

"కిందికెళ్లి" అంది మజీదా.

"కాళ్లు కడుక్కొని లోపలికి రాండ్రి."

ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. సాయంత్రానికి రఫియా కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. అది చూశాక రామవ్వ లేచి కొంగు నడుముకు బిగించుకుంది.

"ఏడికవ్వా?" అంది సఫూరా.

"ఆయనింకా పట్టుకొనే ఉన్నడు. నిలబెట్టింది నేనే గదా."

"ఆ బండ నీతోని లేస్తదా?"

"లేవకుంటే పక్కన కూసుంట."

మజీదా వద్దనలేదు. దవాఖాన ముందరి హోటల్లో రొట్టెలు కట్టించి చేతికిచ్చింది. రామవ్వ దుప్పట్ల నడుమ నుంచి కిందికి దిగిపోయింది.

రఫియా కుట్లు మానాక వాళ్లు బస్సులో ఎల్లారెడ్డి చేరారు. వాకిట్లో మెట్లు అట్లాగే ఉన్నాయి. దారి ఎటు మారుతుందోనని సఫూరా మళ్లీ ఆట తీయలేదు. మజీదా రోజూ పొద్దున రెండు కంచాల్లో అన్నం పెట్టి మెట్ల మీద ఉంచేది. పొద్దుగూకే వేళకు రెండూ కడిగి బోర్లించి ఉండేవి. రఫియా బిడ్డ పాకే నాటికి మజీదా రెండో కంచంలో, బండ మోసేవాడికని, ఒక గరిటె ఎక్కువ వేయడం మొదలుపెట్టింది.